కుట్టు పిన్ని కుడిచెయ్యి

మా కుట్టు పిన్ని పోయింది. మొన్న పొద్దున్న వీధి కుళాయి కింద బిందె పెట్టి నిలబడి ఉంటే ఆసుపత్రి నుంచి పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "వదినా, అమ్మ పోనాది. ఇంటి తాళం నీకాడే ఉంది గదా, తలుపు తీసుంచు" అన్నాడు. ఫోన్ పెట్టేశాడు. బిందె నిండి పొర్లిపోతోంది. నా వెనకావిడ "నీళ్ళు ఒలికిపోతన్నాయి, ఏటా ఆలోసన?" అని కసిరింది. బిందె పక్కకు దింపి, తాళం కోసం ఇంట్లోకి వెళ్ళాను.

నేను ఏడో తరగతి వరకే చదివాను. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తీయాలో నాకు ఇప్పటికీ అనుమానమే. నా అక్షరాలు మిషను కింద దారం చిక్కుపడ్డట్టు ఉంటాయని మా ఆయన వేళాకోళం చేస్తాడు. తప్పులు మీరే దిద్దుకుని, ఈ గిలుకుడు రాతను మన్నించి చదవండి. నలుగురి ముందు నోరు విప్పడం నాకు చేతకాదు. చావింట్లో కూడా ఒక మూల కూర్చుని వచ్చేశాను. అక్కడ అనలేని మాటలే ఇక్కడ రాస్తున్నాను.

పిన్ని నాకు చుట్టం కాదు. కంచరపాలెంలో రైలు పట్టాల పక్క సందులో మాకు ఎదురిల్లు. పోర్టులో కళాసీ పని చేసిన భర్త పోయాక, వసారాలో మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతూ కొడుకును పెంచింది. ఆ కొడుకు ఇప్పుడు స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు కింద పని చేస్తున్నాడు. మా సందులో ఉన్న ఆడవాళ్ళందరికీ ఆమె పిన్నే. ఆమె కంటే పెద్దవాళ్ళు కూడా పిన్నీ అనే పిలిచేవారు.

నేను పద్మనాభం దగ్గర పల్లె నుంచి కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు, పెళ్ళికి కుట్టించిన జాకెట్లన్నీ బిగుతుగా ఉండేవి. వదులు చేయించుకోవాలని పిన్ని వసారా దాకా వెళ్ళడం, లోపల ఎవరో ఒకరు కూర్చుని ఉంటే వెనక్కి వచ్చేయడం. ఒకరోజు ఆమే నన్ను పిలిచింది.

"ఓలె గుంటా, ఇటురా. ఆ జాకెట్టులో ఊపిరాడతందా నీకు?"

నేను తల వంచుకున్నాను. అక్కడున్న ఇద్దరు ఆడవాళ్ళు నవ్వారు.

"నవ్వుతారేటి? మీ జాకెట్లు నాను కుట్టినాను కాబట్టి నవ్వగలుగుతన్నారు. ఇది నవ్వితే హుక్కులెగిరిపోతాయి" అంది పిన్ని. ఆ రోజు నేనూ నవ్వాను. నిజంగానే భయపడుతూ నవ్వాను.

అలా మొదలై, మధ్యాహ్నాలు ఆమె దగ్గర కుట్టు నేర్చుకున్నాను. మెడలో టేపు, జుట్టులో గుచ్చిన సూది, ఒళ్ళో సుద్దముక్క లేకుండా ఆమెను నేను చూసింది తక్కువ. గుడ్డను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒకసారి నలిపి అది ఏ బట్టో చెప్పేది. "ఇది పట్టు కాదే, పట్టులాగ నటిత్తన్నాది" అనేది. అంచుల దగ్గర లోపల గుడ్డ ఎప్పుడూ ఎక్కువ వదిలేది. "మనిసి రేపు ఒళ్ళు సేత్తాది, ఎల్లుండి సిక్కుతాది. జాకెట్టు దాన్ని వొగ్గేయకూడదు" అనేది. నేను తొందరపడి కత్తెర అందుకుంటే చేతి మీద ఒకటి వేసేది. "కుట్టు ఇప్పొచ్చు. కత్తిరింపు ఇప్పలేం."

ఆ కుడిచెయ్యి ఎలా పాడయిందో చెప్పాలి. దాని కోసమే ఈ కాగితం తీశాను.

ఒక శ్రావణమాసంలో, చేతి నిండా పని ఉన్నప్పుడు, తెల్ల జాకెట్టు మీద ఎర్రటి చుక్క పడింది. పిన్ని చేతికుట్టు వేస్తోంది. సూది చూపుడువేలి లోపలికి దిగింది. ఆమెకు తెలియలేదు. నేను చూసి "పిన్నీ, రక్తం!" అంటే అప్పుడు వేలు వంక చూసుకుంది. ఎవరి వేలో చూసినట్టు చూసింది. జాకెట్టు తాలూకు ఆవిడ సాయంత్రం వచ్చి వీధి వినేలా అరిచింది. ఆఖరున జాలిగా, "కళ్ళు తగ్గినాయి పిన్నీ నీకు. అద్దాలేసుకో" అంది.

ఆ మాట సందంతా ఒప్పుకుంది. కుట్టేవాళ్ళ చేతిలోంచి సూది జారిందంటే కళ్ళే కారణమని మా దగ్గర అందరూ అనుకుంటారు. పిన్ని కూడా అలాగే అనుకుంది. అద్దాలు చేయించుకుంది. కొన్ని రోజులయ్యాక మిషను కింద తడుముతూ అంది, "అద్దాలు బాగున్నాయే. పడిపోయిన సూది ఇప్పుడు బేగి కనపడతంది." మేమిద్దరం నవ్వుకున్నాం. సూది ఎందుకు పడుతోందని అడిగే మనిషి మాత్రం లేకపోయాడు.

తర్వాత తిమ్మిర్లు పెరిగాయి. పొద్దున్న లేచేసరికి చెయ్యి మొద్దుబారి ఉంటోందని, విదిలిస్తే కాస్త తగ్గుతోందని చెప్పేది. మా సందు మొదట్లో మందుల షాపాయన ఉన్నాడు. అతని పేరు రాయను. చెడ్డవాడేమీ కాదు. అందరినీ వరస పెట్టి పిలుస్తాడు. "నరాల బలహీనత పిన్నీ, ఏటీ కాదు. పొద్దుటొకటి రేత్రొకటి ఏసుకో" అని అట్టలోంచి కత్తిరించి తెల్ల బిళ్ళలు ఇచ్చాడు. నొప్పి తగ్గింది. తగ్గితే మంచి మందే కదా. పిన్ని వాటిని బొత్తాల డబ్బాలో వేసి పెట్టుకుంది. పని ఎక్కువున్న రోజు టీతో పాటు ఒక బిళ్ళ వేసుకోవడం అలవాటైపోయింది. చీటీ ఎవరూ రాయలేదు. చీటీ ఏదని ఎవరూ అడగలేదు. మా సందులో అందరి ఇళ్ళలోనూ ఆ బిళ్ళలున్నాయి. మీ ఇంట్లోనూ ఉండవచ్చు.

ఊర్నుంచి ఆమె ఆడపడుచు వచ్చి, "ఇది పచ్చవాతమే వొదినా, సెయ్యి పడిపోతంది" అని ఏడుపు మొదలెట్టింది. మర్నాడు సంచిలో పావురాన్ని తెచ్చింది. పావురం రక్తం చేతికి రాసి మర్దనా చేస్తే పక్షవాతం రాదని మావైపు నమ్మకం. పిన్ని మిషను మీద లేత పసుపు జాకెట్టు ఉంది. లేచి రెండు చేతులూ అడ్డం పెట్టింది. "రెత్తం సుక్క ఈ జాకెట్టు మీద పడితే ఎవుర్తి తొడుక్కుంటాది? నువ్వు తొడుక్కుంటావేటి? ఒండుకు తిందాం గాని బైటికి పట్టుకుపో" అంది. ఆడపడుచు అలిగి వెళ్ళిపోయింది. పావురాన్ని వండుకుని తిన్నారు.

కత్తెర పట్టలేని రోజు కూడా వచ్చింది. గుడ్డ మీద సగం దాకా వెళ్ళి ఆగిపోయింది. "నువ్వు పట్టవే" అని కత్తెర నా ముందు పెట్టింది. నేను కత్తిరిస్తుంటే పక్కన కూర్చుని చూసింది. తప్పు పోతే వేయడానికి చెయ్యి లేపలేదు. అది నాకు దెబ్బకంటే ఎక్కువ నొప్పిగా ఉండింది.

అప్పుడు కొడుకు ద్వారకా నగర్‌లో ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. తోడుగా నేనూ వెళ్ళాను. డాక్టరు పిన్ని వైపు చూసి "ఏమ్మా, ఏమైంది?" అని అడిగాడు. పిన్ని నోరు తెరిచేలోపు కొడుకే చెప్పాడు. "సెయ్యి లాగేత్తందండి. మెడకాడ్నించి లాగేత్తన్నాది. రోజంతా మెడొంచుకుని కుడతాది గదండీ." డాక్టరు మెడ ఫోటో తీయించాడు. మెడ ఎముకలు అరిగాయన్నాడు. జీవితమంతా మెడ వంచిన మనిషికి ఎముకలు అరగకుండా ఉంటాయా? మెడకు పట్టా ఇచ్చి, ఎక్సర్‌సైజులు చేయించే ఫిజియోథెరపీ మేడమ్ దగ్గరికి కొన్నాళ్ళు వెళ్ళమన్నాడు. ఆయన తప్పు చెప్పాడని నేను అనను. ఆయనకు చెప్పిన దానికి ఆయన మందిచ్చాడు. చెప్పింది పిన్ని కాదు. మా దగ్గర ఆడవాళ్ళ నొప్పి డాక్టరుకు మగవాడి నోటితోనే చేరుతుంది. కొడుకుది ప్రేమే. కాని ఆ ప్రేమ ఆమెను ఒక్క మాట మాట్లాడనివ్వలేదు.

మెడకు పట్టా కట్టుకుని కుట్టడం పిన్ని వల్ల కాలేదు. "తల కిందకి దిగదు, కుట్టు పైకి రాదు. నడిమిన నానేటి సేయాలి?" అని తీసి మేకుకు తగిలించేసింది. బొత్తాల డబ్బాలో బిళ్ళలు మాత్రం అయిపోకుండా చూసుకుంది.

ఫిజియోథెరపీకి వెళ్ళాల్సిన రోజు కొడుక్కి షిఫ్టు పడింది. మా ఆయనకు పోర్టులో లోడింగు. వెంట వచ్చే మగవాడు దొరకలేదు. ఆ రోజు మానేద్దామంది పిన్ని. "మనిద్దరం ఎల్లి ఏటి సెప్తాం?" అంది. ఎలాగో బయల్దేరాం. మేమిద్దరమే గదిలోకి వెళ్ళాం. పిన్ని అలవాటు కొద్దీ నా మొహం చూసింది. నేను నేల చూశాను. ఆ మేడమ్ పిన్ని వైపే తిరిగి, "మీ చెయ్యే కదమ్మా, మీరే చెప్పండి. ఏ వేళ్ళు మొద్దుబారుతున్నాయి?" అని అడిగింది.

అంతకాలంలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆమె.

పిన్ని వేళ్ళు ఒక్కొక్కటే ముట్టుకుంటూ చెప్పింది. "ఇదీ, ఇదీ, ఇదీ అమ్మా. ఈ ఉంగరపు వేలు సగమే. సిటికినేలు సుబ్బరంగా ఉంది. ఇప్పుడు బట్ట నాణ్యం దాంతోనే సూత్తన్నాను."

"రాత్రి ఎక్కువా, పగలు ఎక్కువా?"

"పడుకుంటే ఎక్కువమ్మా. సెయ్యి మంటెత్తి మెలకువొచ్చేత్తాది. మంచం కిందకి ఏలాడేసి విదిలిత్తాను."

మేడమ్ రెండు అరచేతుల వెనకభాగాలు కలిపి, వేళ్ళు కిందికి ఉండేలా మణికట్లు వంచి అలాగే ఉంచమంది. నిమిషం కాకముందే పిన్ని "అదిగో, సీమలు పాకుతన్నాయి" అంది. మేడమ్ ఆమె బొటనవేలి కింద కండ నొక్కి చూసింది. అక్కడ గుంట పడి ఉంది. రోజూ ఆ చేతిని చూసే నాకు ఆ గుంట అప్పుడే కనపడింది. "మెడ సంగతి పక్కన పెట్టండి. మణికట్టు దగ్గర నరం నలిగిపోతున్నట్టుంది. దీన్ని తేల్చాల్సింది నరాల డాక్టరు" అని చీటీ రాసింది. మణికట్టు వంగకుండా రాత్రిపూట కట్టుకోమని ఒక పట్టీ ఇచ్చింది. మర్నాడు పిన్ని మొహం తేటగా ఉంది. "కాలరులో కేన్వాసు ఏసినట్టుందే ఇది. ఎన్నాళ్ళకో నిద్దరపోనాను" అంది.

పెద్దాసుపత్రిలో నరాల డాక్టరు చేతికి సన్నగా కరెంటు పెట్టి పరీక్ష చేశాడు. నరం మణికట్టు దగ్గరే బాగా నలిగిందని తేల్చాడు. ముదిరిపోయింది కాబట్టి పట్టీ చాలదని, చేతి ఆపరేషన్లు చేసే డాక్టరు దగ్గరికి పంపాడు. ఆ డాక్టరు ప్లాస్టిక్ సర్జరీ అని బోర్డున్న గదిలో ఉన్నాడు. పిన్ని గుమ్మంలో ఆగిపోయింది. "ప్లాస్టిక్కేటి బాబూ? పోలిస్టరే ముట్టను నాను."

ఆయన నవ్వి కూర్చోబెట్టాడు. చెయ్యి మటుకే మొద్దుబరిచి చేసే చిన్న ఆపరేషను, అదే రోజు ఇంటికెళ్ళిపోవచ్చు అన్నాడు. కొందరు ఎముకల డాక్టర్లు కూడా ఇది చేస్తారట. మణికట్టులో చర్మం కింద బిగుసుకున్న పట్టీలాంటి దాన్ని కోసి, నలిగిన నరానికి చోటిస్తారట.

"అంటే సంక కాడ బిగుతైతే కుట్టు ఇప్పినట్టు" అంది పిన్ని.

"సరిగ్గా అంతే" అన్నాడాయన. పోయిన కండ మొత్తం తిరిగి రాకపోవచ్చని కూడా చెప్పాడు. మంటా తిమ్మిరీ పోతే చాలనుకుంది పిన్ని. బస్సులో వస్తూ కత్తెర పట్టినట్టు వేళ్ళు ఆడించి చూసుకుంది. దసరా పని మళ్ళీ తానే పడతానంది.

ఆపరేషనుకు ముందు రక్తం పరీక్ష చేశారు. సుగరు లేదు, థైరాయిడ్ లేదు. కిడ్నీలు చాలా వరకు పోయాయి. రక్తపోటు కూడా ఎక్కువగా ఉంది. "చెయ్యి ఎప్పుడైనా బాగుచేయొచ్చు, ముందు మనిషి నిలబడాలి" అని చేతుల డాక్టరు ఆమెను కిడ్నీల డాక్టరుకు అప్పగించాడు.

కిడ్నీల డాక్టరు మేం తీసుకెళ్ళిన బొత్తాల డబ్బాలోని బిళ్ళలు చేతిలో పోసుకుని చూశాడు. "ఇవి ఎవరు రాశారు?"

పిన్ని డబ్బా మూత తిప్పుతూ కూర్చుంది.

"రోజూ వేసుకునేవారా?"

"రోజూ ఎందుకండీ, సీజన్లోనే."

"సీజన్ అంటే ఎప్పుడు?"

"పెళ్ళిళ్ళు, మరి శ్రావణం, దసరా, కార్తీకం, మళ్ళీ పెళ్ళిళ్ళు..." చెబుతూ చెబుతూ పిన్నే ఆగిపోయింది. ఆయన బిళ్ళలు మళ్ళీ డబ్బాలో పోసి, కిడ్నీలను తినేసినవి ఈ నొప్పి బిళ్ళలేనన్నాడు.

డయాలసిస్ మొదలైంది. కొడుకు షిఫ్టులు మార్చుకుని తిప్పాడు. ఇప్పుడతను డాక్టరు ఏం అడిగినా ముందు తల్లి వైపు చూసేవాడు. ఆమెకే చెప్పే ఓపిక లేకపోయింది. చెయ్యి ఆపరేషను మాట రోజురోజుకూ వెనక్కి పోయింది. ఒకసారి మంచం పక్కన కూర్చుని ఆమె వేళ్ళు రాస్తుంటే, మెల్లగా అంది.

"సెయ్యి నొప్పని సెప్తే ఎవుడూ సెయ్యి సూడ్లేదే గుంటా. కళ్ళు సూసినారు, మెడ సూసినారు, పావురాన్ని సూసినారు. సెయ్యి ఇక్కడే ఉంది."

ఆమె నోట కోపంగా విన్న మాట అదొక్కటే. అది కూడా గొంతు లేపకుండా అంది.

చావింటికి అందరూ వచ్చారు. తెల్ల జాకెట్టు కోసం అరిచినావిడ అందరికంటే గట్టిగా ఏడ్చింది. మందుల షాపాయన పెద్ద దండ తెచ్చి వేసి, "మంచి మనిసి, నోట్లో నాలిక లేని మనిసి" అన్నాడు. అవును, లేకుండా చేశాం. సాయంత్రం అతను షాపు తెరిచాడు. మా ఆయన ఒంటినొప్పులకు వెళ్ళి ఆ బిళ్ళలే తెచ్చుకున్నాడు. నేను చూస్తూ నిలబడితే, "ఏటలా సూత్తావ్? ఆడేటైనా కొట్టి సంపీసినాడేటి?" అన్నాడు. బిళ్ళలు తీసుకెళ్ళి పొయ్యిలో వేశాను. మా ఆయన అరిచాడు. అరవనిచ్చాను.

మీలో ఎవరికైనా బొటనవేలూ దాని పక్క వేళ్ళూ మొద్దుబారి, చిటికెనవేలు మాత్రం బాగుండి, రాత్రిళ్ళు చెయ్యి మండి మెలకువ వస్తుంటే, అద్దాలు కొనుక్కుని కూర్చోకండి. మామూలు డాక్టరు దగ్గరే మొదలుపెట్టవచ్చు. సుగరూ థైరాయిడూ ఆయన చూస్తాడు. పట్టీ కట్టడం, చెయ్యి ఎలా వాడాలో చెప్పడం ఫిజియోథెరపీ వాళ్ళ పని. నరం ఎంత నలిగిందో తేల్చేది నరాల డాక్టరు. కోసి బాగుచేసేది చేతుల డాక్టరు. వేళ్ళ కీళ్ళు కూడా వాస్తే కీళ్ళవాతం డాక్టరున్నాడట. ఇంతమంది ఈ ఊళ్ళోనే ఉన్నారు, బస్సెక్కితే వచ్చే దూరంలో. పిన్ని చెయ్యి వాళ్ళను చేరేసరికి పిన్ని అయిపోయింది. ఎవరి దగ్గరికి వెళ్ళినా, వెంట వచ్చిన మగవాణ్ణి గది బయట కూర్చోబెట్టండి. ఏ వేలో మీరే చెప్పండి.

చదివాక ఈ కాగితం కాల్చేయమని ఆఖర్న రాద్దామనుకున్నాను. మా ఆయన చూస్తాడని, షాపాయనకు తెలుస్తుందని భయం. రాయడానికి పెన్ను పెట్టి, మళ్ళీ తీసేశాను. కాల్చకండి. ఎవరికి చూపించాలో వాళ్ళకు చూపించండి.

పిన్నిని ఎత్తినప్పుడు సందు రెండు పక్కలా ఆడవాళ్ళు నిలబడ్డారు. పాడె కదలగానే అందరూ ఒక్కసారి చేతులెత్తి దణ్ణం పెట్టారు. అందరి ఒంటి మీదా పిన్ని కుట్టిన జాకెట్లే. ఎర్రవి, పచ్చవి, వెలిసిపోయినవి, నిన్నగాక మొన్న కుట్టినవి. అన్ని చేతులు పైకి లేచినా ఎక్కడా చంక దగ్గర బిగుతుగా పట్టలేదు. చివర ఒకామెకు మాత్రం జాకెట్టు చెయ్యి భుజం దగ్గర ఒంకరగా కలిసింది, పిన్ని చెయ్యి పాడయ్యాక కుట్టినది. ఆమె అక్కడ పిన్నీసు పెట్టుకుని ఉంది. ఎండ పడి ఆ పిన్నీసు, పాడె పట్టాల దగ్గర మలుపు తిరిగేదాకా అలా మెరుస్తూనే ఉంది.